గ్రైండర్‌తో కోసిన స్ప్రింగులు తీసి, 30 మి.మీ. దగ్గర ఆపిన స్విఫ్ట్

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు గేటు దగ్గర చిన్న సిమెంటు దిమ్మ ఒకటి ఉంది. ఆ స్విఫ్ట్ దాన్ని దాటలేక ఆగిపోయింది. కుర్రాడు పక్కన కూర్చున్న స్నేహితుణ్ని దింపి, బండిని వాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్ని విడిగా ఎక్కించి లోపలికి తెచ్చాడు. అలా తేవడం అతనికి అప్పటికే అలవాటైపోయిందని ఆ తిప్పడంలోనే తెలిసింది.

బండి 2014 మోడల్ వీడీఐ, డీజిల్. మీటరు మీద 1,12,000 కి.మీ. ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగు నెలలైంది. స్ప్రింగులు కోయించి దాన్ని కిందికి దించింది, అంటే ఎత్తు తగ్గించింది, పాత ఓనరు. 17 అంగుళాల అలాయ్‌లు కూడా అతను వేయించినవే. కుర్రాడు చెప్పిన బాధలు మూడు. స్పీడ్ బ్రేకర్ మీద ముందు భాగం ఇనుము ఇనుముకి కొట్టుకున్నట్టు మోగుతుంది. 80 దాటితే స్టీరింగ్ ఒకచోట నిలవదు. టైర్లు నాలుగు నెలలకే అరిగిపోయాయి. అన్నీ చెప్పి, చివర్లో అసలు మాట అన్నాడు.

"అన్నా, మళ్ళీ కంపెనీ ఎత్తుకి మాత్రం లేపొద్దు. కిందే ఉండాలి, కానీ సేఫ్‌గా ఉండాలి. నా దగ్గర పాతిక వేలు ఉన్నాయి."

ఈ కేసు మొత్తం రాయడానికి కారణం ఆ పాతిక వేలే. డబ్బు ఉన్నవాడు కాయిలోవర్ సెట్టు (ఎత్తు సర్దుకునే వీలున్న స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ల జత) వేయించుకుంటాడు. లేనివాడు గ్రైండర్ దగ్గరికి వెళ్తాడు. ఈ రెండింటి మధ్యలో ఒక దారి ఉంది. అందులో ఏ రూపాయి ఎక్కడ పెట్టాలో తెలిస్తే ప్రాణం మీదికి రాకుండా పని అవుతుంది.

ముందు కొలతలు తీసుకున్నాను. ఎత్తుని నేల నుంచి కొలవను. టైరు మారినా, గాలి తగ్గినా ఆ లెక్క తప్పుతుంది. చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే వంపు రేకు) అంచు వరకు టేపు పెడతాను. అదృష్టం కొద్దీ అదే మోడల్ స్విఫ్ట్ ఒకటి ఆ రోజు సర్వీసుకి వచ్చి ఉంది. దానికి ముందు 378 మి.మీ., వెనక 374 వచ్చాయి. కుర్రాడి బండికి ముందు 306, వెనక 318. అంటే ముందు 72, వెనక 56 మి.మీ. దిగింది.

ఈ కారుకి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 170 మి.మీ. అందులో ముందు 72 పోతే దాదాపు 100 మిగులుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ హంప్ ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు. రెండూ వంద మిల్లీమీటర్లే కాబట్టి సరిపోయిందని అనుకుంటారు. కానీ హంప్ ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, వెడల్పూ చూడాలి. ప్రమాణం ప్రకారం కట్టిన హంప్ 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న మెత్తటి వంపు. స్విఫ్ట్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.43 మీటర్లే కాబట్టి నాలుగు చక్రాలూ ఒకేసారి హంప్ మీదే ఉంటాయి. అప్పుడు పొట్ట కింద కావలసిన ఖాళీ లెక్క వేస్తే 43 మి.మీ. చాలు. అదే పది సెంటీమీటర్లు మన కాలనీల్లో అడుగు వెడల్పున పోసిన దిమ్మ అయితే? దిమ్మ పొట్ట కిందికి వచ్చేసరికి ముందు చక్రాలు ఒకవైపు, వెనకవి ఇంకోవైపు నేల మీద ఉంటాయి. మొత్తం 100 మి.మీ. ఖాళీ కావాలి. అందులో మనుషులు కూర్చున్న బరువు, పైనుంచి దిగేటప్పుడు ముక్కు వంగడం కూడా కలుపుకోవాలి. అందుకే హైవే మీద బాగానే వెళ్ళిన బండి సొంత వీధిలో ఇరుక్కుంటుంది.

తర్వాత లిఫ్ట్ మీద పైకి లేపాం. చక్రాలు గాల్లో వేలాడగానే అసలు సంగతి బయటపడింది. స్విఫ్ట్ వెనకవైపు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ విడివిడిగా ఉంటాయి. స్ప్రింగు కింద, రెండు వెనక చక్రాల్నీ కలిపే బీమ్‌కీ పైన బాడీకీ మధ్య బరువుతో నొక్కుకుని నిలబడుతుంది తప్ప దానికి బోల్టు ఏమీ ఉండదు. ఎడమ వెనక స్ప్రింగుని పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. కుర్రాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు, ముఖం పాలిపోయింది. పెద్ద గుంతలో చక్రం ఒక్కసారి పూర్తిగా కిందికి జారితే ఆ స్ప్రింగు రోడ్డు మీదే ఊడి పడి ఉండేది. అప్పుడు ఆ మూల బాడీ వెళ్ళి టైరు మీద కూర్చుంటుంది.

ముందువైపు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే భాగంగా ఉంటాయి, దాన్నే స్ట్రట్ అంటారు. ఆ స్ట్రట్లు విప్పి చూస్తే స్ప్రింగుల్లో ఒకటిన్నర చుట్టు కోసేశారు. స్ప్రింగు చివరి చుట్టు స్ట్రట్ మీది పళ్ళెంలో కూర్చునే ఆకారంలో ఉంటుంది. దాన్ని కోస్తే మిగిలిన మొండి కొస పళ్ళెంలో ఆనదు, ఒక్క బిందువు మీద నిలబడుతుంది. అక్కడ పళ్ళెం అప్పటికే అరిగి గీత పడింది. రెండు స్ట్రట్లూ ఆయిల్ కారుతున్నాయి. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాపర్ రబ్బరు ఒకవైపు పొడిపొడిగా రాలింది, ఇంకోవైపు అసలు లేదు. బండి మామూలుగా నిలబడినప్పుడే స్టాపర్ తాకే హద్దు దాకా దిగి ఉంది. అంటే పైకి కదలడానికి సస్పెన్షన్‌కి చోటే లేదు. ముందు టైర్ల బయటి అంచులో 5 మి.మీ. లోతు ఉంటే లోపలి అంచు చట్టం చెప్పే 1.6 మి.మీ. కన్నా కిందికి పోయి, ఒకచోట దారాలు కనిపిస్తున్నాయి.

స్ప్రింగు కోస్తే గట్టిపడుతుంది, కాబట్టి కింద తగలదని కోసేవాళ్ళు నమ్మకంగా చెబుతారు. అందులో సగం నిజం ఉంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటిన్నర తీస్తే నాలుగున్నర మిగులుతాయి, గట్టిదనం మూడోవంతు పెరుగుతుంది. కానీ అది చాలదు. ఎందుకంటే, ఒకే దెబ్బని సగం దూరంలో ఆపాలంటే స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. దూరం తగ్గిన కొద్దీ కావలసిన గట్టిదనం వర్గంలో పెరుగుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో స్ప్రింగు శక్తి సూత్రం చదివినవాళ్ళకి ఇది వెంటనే అందుతుంది. స్టాక్ బండిలో నిలబడిన ఎత్తు నుంచి స్టాపర్ తాకే వరకు ముందు చక్రానికి 60 మి.మీ. వరకు చోటు ఉందని మేం స్ప్రింగు తీసి, జాకీతో లేపి కొలిచాం. 72 దించినవాడికి ఏమీ మిగలలేదు. మలుపులో, అందులోనూ బ్రేకు మీద ఉన్నప్పుడు, స్ట్రట్ స్టాపర్‌కి కొడితే ఆ చక్రం ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది, టైరు పట్టు వదిలేస్తుంది. కుర్రాడు స్టీరింగ్ నిలవడం లేదని చెప్పినదాంట్లో కొంత అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాలు) అయితే చాలావరకు ఇదే.

ఇక్కడ పని ఆపి కూర్చోబెట్టి మాట్లాడాను. మొదటి మాట చట్టం గురించి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నమైన మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. "అందరూ చేస్తున్నారు, ఏం కాదు" అనే మాట నా నోటి నుంచి రాదు. ఆర్టీఓ దగ్గర ముందు కనుక్కోమన్నాను. ఇన్సూరెన్స్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పమన్నాను. చెప్పని మార్పు ఉంటే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్‌కి ఇబ్బంది వస్తుంది.

రెండో మాట నా సలహా. స్టాక్ స్ప్రింగులు నాలుగు, కొత్త షాక్ అబ్జార్బర్లు, రబ్బర్లు వేయించుకుంటే పాతిక వేలలో డబ్బు మిగులుతుంది, చట్టంతో పేచీ ఉండదు. నా ఓటు దానికేనని ఇప్పుడూ చెబుతాను. కుర్రాడు రెండు రోజులు టైము తీసుకున్నాడు. తిరిగొచ్చి, "తెలుసుకున్నాను అన్నా, బాధ్యత నాదే. ఎంత వరకు సేఫ్ అంటావో అంత వరకే దించు" అన్నాడు. నేను పంపించేస్తే అదే కోసిన స్ప్రింగులతో తిరుగుతాడు. అది నాకు మనసొప్పలేదు. 30 మి.మీ. గీత గీశాను. అంతకన్నా ఒక్క మిల్లీమీటరు దించనని జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టించుకున్నాను.

30 అని ఎందుకు? 60లో 30 పోతే సగం చోటు మిగులుతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం అప్పుడు నాలుగు రెట్ల గట్టిదనం కావాలి. మేం తెప్పించిన లోయరింగ్ స్ప్రింగులు స్టాక్ కన్నా దాదాపు 30 శాతం గట్టివి. మరి మిగిలిన లోటు ఎవరు మోయాలి? బంప్ స్టాపర్ మోయాలి. రెండు మూడు వందల రూపాయల ఆ రబ్బరు ముక్క దించిన బండిలో రోజూ పనిచేసే రెండో స్ప్రింగు. డబ్బు తక్కువైతే జనం మొదట వదిలేసేది దాన్నే, నేను మాత్రం మొదట రాసేది దాన్నే. దాన్ని కోసి పొట్టి చేయడం కూడా అంతే ప్రమాదం. స్ప్రింగు తయారుచేసినవాళ్ళు ఫలానా కొలత కోయమని కాగితంలో రాసిస్తే తప్ప బ్లేడు పెట్టకూడదు.

ఇంకో సంగతి. 30 దాటితే ముందు చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేచినట్టు అవుతుంది. ఇలాంటి స్ట్రట్ (మాక్‌ఫర్సన్ స్ట్రట్) ఉన్న కార్లలో అలా అయినప్పుడు బండి ఏ బిందువు చుట్టూ పక్కకి ఒరుగుతుందో ఆ బిందువు, బండి దిగినదానికన్నా ఎక్కువ కిందికి జారిపోతుంది. ఫలితంగా కారు కిందికి దిగినా మలుపులో ఇంకా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. కిందికి దించిన ప్రతి కారూ మలుపులో బాగుంటుందని చాలామంది నమ్ముతారు. కోసిన స్ప్రింగుల బండిని మంగళగిరి దాకా ఒక్కసారి నడిపితే ఆ నమ్మకం పోతుంది.

ఖర్చు విషయం. స్ప్రింగులు నాలుగు కలిపి 13,500. ముందు స్ట్రట్లు రెండు కొత్తవి 4,300, వెనక షాక్ అబ్జార్బర్లు 2,400. మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపర్లు, డస్ట్ బూట్లు 2,900. లింక్ రాడ్లు లూజుగా ఉన్నాయి కాబట్టి 900. ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడని నట్లు 300. అలైన్‌మెంట్ రెండుసార్లకి 1,000. మా కూలి 3,000. మొత్తం 28,300 తేలింది. బడ్జెట్ దాటింది.

ఇక్కడే చాలామంది పాత షాక్ అబ్జార్బర్లే ఉంచేద్దాం అంటారు. లక్ష కిలోమీటర్లు తిరిగిన షాక్ అబ్జార్బర్ మీద గట్టి స్ప్రింగు పెడితే, అది స్ప్రింగు ఎగురుడుని పట్టుకోలేదు. చక్రం రోడ్డు మీద తాండవం చేస్తుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. అందుకే అక్కడ కోత పెట్టలేదు. చక్రాల దగ్గర పెట్టాం. ఆ 17 అంగుళాల వాటి మీద 205/50 టైర్లు ఉన్నాయి. ఈ మోడల్ పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల 185/65 టైరు వ్యాసం 621 మి.మీ. చిల్లర అయితే వీటిది 637. బండిని దించి చక్రాన్ని పెద్దది చేస్తే రెండూ ఒకదాన్నొకటి రాసుకోక ఏం చేస్తాయి? ఫెండర్ లోపలి ప్లాస్టిక్ అప్పటికే చిరిగిపోయింది. ఆ సెట్టు 18,000కి అమ్మించి, ఇంకెవరో పెద్ద చక్రాలకి మారుతూ విప్పేసిన 4×100 పీసీడీ (100 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తం మీద నాలుగు బోల్టు రంధ్రాలు) 15 అంగుళాల అలాయ్‌లని టైర్లతో సహా 14,000కి తీసుకున్నాం. నాలుగు వేలు మిగిలి, చివరికి ఖర్చు 24,300 దగ్గర ఆగింది.

వాడిన టైర్లు కొనేటప్పుడు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 3221 అని ఉంటే 2021లో 32వ వారం తయారైందని అర్థం. లోతు ఎంత ఉన్నా ఎండకి పగుళ్ళు వచ్చిన టైరు వద్దు. టైర్ల గురించి నేను ఇంతకన్నా రాజీపడను.

బిగింపు పని ఒక పూట పట్టింది. స్ప్రింగు కంప్రెసర్ గురించి ఒక్క మాట చెప్పి తీరాలి. నొక్కి పట్టిన స్ప్రింగులో మనిషి ముఖాన్ని పగలగొట్టే శక్తి ఉంటుంది. ఎదురెదురుగా రెండు వైపులా సమానంగా బిగించాలి. నొక్కిన స్ప్రింగు కొస మన వైపు ఉండకూడదు. స్ట్రట్ పైన ఉండే నట్టుని ఇంపాక్ట్ గన్‌తో తిప్పకూడదు, రాడ్డు తిరిగిపోయి లోపలి సీలు చెడుతుంది. రాడ్డుని అలెన్ కీతో పట్టుకుని చేత్తో బిగించాలి. కారుని జాకీ మీద వదిలి కిందికి దూరడం అసలే వద్దు, స్టాండ్లు వేసి ఒకసారి ఊపి చూశాకే దూరాలి. ఇంట్లో చేసుకుందామనుకునే కుర్రాళ్ళకి నా విన్నపం, స్ట్రట్లు విప్పి ఏదైనా షెడ్డుకి తెచ్చి స్ప్రింగు మార్పించుకోండి. ఆ ఒక్క పనికి అయ్యే కూలి చాలా తక్కువ.

చాలా షెడ్లలో జరిగే తప్పు ఒకటి ఉంది. లోయర్ ఆర్మ్ బోల్టులు, వెనక బీమ్ బోల్టులు చక్రాలు గాల్లో ఉండగానే పూర్తిగా బిగించేస్తారు. ఆ బోల్టులు దూరే బుష్‌లలోని రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, తిరగదు, మెలిపడుతుంది. గాల్లో బిగిస్తే బండి నేల మీదికి దిగగానే ఆ రబ్బరు జీవితాంతం మెలిపడే ఉంటుంది. కొన్నాళ్ళకే చిరుగుతుంది. ఎత్తు కొలతలు కూడా తప్పు చూపిస్తాయి. మేం వదులుగా పెట్టి, బండిని పిట్ మీద చక్రాల మీద నిలబెట్టి, నాలుగైదుసార్లు నొక్కి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాం. చక్రాల నట్లు 85 న్యూటన్ మీటర్లకి బిగించి, 50 కి.మీ. తిరిగాక మళ్ళీ చూశాం.

మొదటి రోజు ఎత్తు ముందు 349, వెనక 347 వచ్చింది. బయటికి తీయగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కుడివైపు 'టక్'మని శబ్దం. కుడి స్ట్రట్ బిగించింది నేనే. విప్పి చూస్తే స్ప్రింగు కొస పళ్ళెంలోని గాడిలో కాకుండా ఒక వేలెడు అవతల ఆగింది. కొత్త రబ్బరు మీద జారి కూర్చున్నట్టుంది. మళ్ళీ కంప్రెసర్ వేసి సరిచేయడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరకి డబ్బు తీసుకోలేదు. శబ్దం చిన్నదే కదా అని వదిలేస్తే ఆ పళ్ళెం కూడా పాతదానిలాగే అరిగేది.

అలైన్‌మెంట్ మెషీన్ మీద, వచ్చినప్పటి లెక్క ఇది: టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మొత్తం 4 మి.మీ. పైగా బయటికి, క్యాంబర్ (చక్రం నిటారుగా కాకుండా ఒరిగి ఉండటం, మైనస్ అంటే పైభాగం లోపలికి) ఎడమ మైనస్ 1.8, కుడి మైనస్ 1.2 డిగ్రీలు. లోపలి అంచు తినేసింది క్యాంబర్ అని అందరూ అంటారు గానీ, అసలు దోషి టో. ప్రతి కిలోమీటరూ టైరుని పక్కకి ఈడుస్తుంది కాబట్టి. స్విఫ్ట్ ముందు చక్రాలకి టో మాత్రమే సర్దొచ్చు, క్యాంబర్‌కి కంపెనీ సర్దుబాటు ఇవ్వలేదు. 30 దగ్గర ఆగితే క్యాంబర్ మైనస్ 0.7, మైనస్ 0.6 వచ్చింది, దానికోసం విడిగా ఏ బోల్టూ కొనాల్సిన పని రాలేదు. టోని సున్నాకి తెచ్చాం. 500 కి.మీ. తిరిగాక స్ప్రింగులు కుదురుకుని ఎత్తు 348, 345 అయింది. టో కొద్దిగా కదిలింది, రెండోసారి సర్దాం. రెండు అలైన్‌మెంట్లకి డబ్బు ముందే రాయడం ఇందుకే. హెడ్‌లైట్లు కూడా గోడకి పెట్టి సరిచేశాం.

టెస్ట్ రన్‌కి ముందు రెండు స్ట్రట్ రాడ్ల మీదా ఒక్కో ప్లాస్టిక్ జిప్ టై బిగుతుగా కట్టి, కింద సీలుకి ఆనించి పెట్టాను. స్ట్రట్ ఎంత లోపలికి వెళ్తే టై అంత పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. రూపాయి ఖరీదు చేయని ఈ పరికరం చెప్పే నిజం ఏ మెషీనూ చెప్పదు. కుర్రాడు, అతని నాన్నగారు, నేను, మా షెడ్డు కుర్రాడు, నలుగురం ఎక్కాం. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్, కనకదుర్గ వారధి, తాడేపల్లి మీదుగా మంగళగిరి వెళ్ళి వచ్చాం. వచ్చేటప్పుడు కావాలనే కాలనీ సందుల్లోని ఎత్తు దిమ్మల మీదుగా నెమ్మదిగా తెచ్చాం. ఒక్కచోట కూడా కింద తగల్లేదు. 100లో బ్రేకు కొడితే నిటారుగా ఆగింది. నాన్నగారు దిగుతూ, "మేస్త్రీ, ఇన్నాళ్ళూ వీడి బండి ఎక్కాలంటే భయమేసేది" అన్నారు. జిప్ టై చూస్తే, పూర్తి నొక్కుడుకి ఇంకా 11 మి.మీ. మిగిలింది.

5,000 కి.మీ. చెకప్‌కి వచ్చినప్పుడు ముందు టైర్ల లోపలి, బయటి అంచుల తేడా అర మిల్లీమీటరు లోపే ఉంది. ఆయిల్ లీకు లేదు. వెనక స్ప్రింగులు చక్రాలు వేలాడదీసినా కదలకుండా పళ్ళెంలోనే ఉన్నాయి.

అప్పుడు కుర్రాడు మొహమాటంగా అడిగాడు. "అన్నా, ఇంకో 15 దించితే ముందు టైరు పైన గ్యాప్ అసలు కనపడదు. అవుద్దా?"

బండిని పైకి లేపి, డస్ట్ బూట్ ఎత్తి, జిప్ టై చూపించాను. ఈ ఐదు వేల కిలోమీటర్లలో అది ఇంకో రెండు మిల్లీమీటర్లు పైకి జరిగింది. టేపు అతని చేతికే ఇచ్చాను. తొమ్మిది అని చదివాడు. మళ్ళీ పెట్టి చదివాడు, తొమ్మిదే. కొంతసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. టేపు చుట్టి నా చేతిలో పెట్టి, వైపర్ బ్లేడ్లు అరిగాయి మార్చమని తాళం ఇచ్చి, టీ తాగడానికి వెళ్ళాడు.